పెద్ద సారు గారి మాన్యువల్ పేజీ

తెలియని సంగతిని ఎవరినీ అడగకుండా తెలుసుకోవడం ఇవాళ ఎంత తేలికైపోయిందో చూస్తుంటే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు సందేహం వస్తే ఫోను తీసి, నోటితోనే అడిగి, అది చెప్పింది విని, టీకి వెళ్ళిపోతారు. నా తొలి ఉద్యోగం రోజుల్లో ఇంత సుఖం లేదు. ముందు నాకు తెలియదన్న సంగతి నాకు తెలియాలి, తర్వాత దాన్ని నలుగురి కంటా పడకుండా దాచాలి, ఆ పైన తీరిక దొరికితే తెలుసుకోవాలి. (ఈ మూడింట్లో నాకు బాగా వచ్చింది రెండోది.) ఆ దాపరికంలోంచే ఒక చిన్న చిలిపి పని పుట్టింది. అది నా ఉద్యోగాన్ని దాదాపు మింగేసింది. ఇన్నేళ్ళ తర్వాత మొన్న అదే నన్ను పలకరించింది కనుక, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

విశాఖ పోర్టు గోడకి ఆనుకుని ఉన్న ఒక లారీల యార్డులో నా ఉద్యోగం. ఓడల్లోంచి దిగిన సరుకు లారీలకెక్కి మా గేటు దగ్గర చీటీ రాయించుకుని బయటికి పోయేది. ఏ లారీ ఎప్పుడు వచ్చింది, ఏ సరుకుతో ఎటు వెళ్ళింది అన్నది కంప్యూటర్లోకి కొట్టడం, అడిగినప్పుడు జాబితా తీసివ్వడం నా పని. సబ్బవరం నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. పొద్దున్న తెల్లగా బయలుదేరిన చున్నీ సాయంత్రానికి బొగ్గు పొడితో పోర్టు రంగుకి వచ్చేసేది. ఆఫీసులో నన్నెవరూ పేరుతో పిలిచిన పాపాన పోలేదు, అందరికీ నేను 'సబ్బవరం'. ఆర్నెల్లు పనితనం చూసి, నచ్చితే పర్మనెంటు కాయితం ఇస్తామన్నారు. ఇంట్లో నాన్న కూడా అదే గడువు పెట్టారు. ఆర్నెల్లలో కాయితం చేతికి రాకపోతే వచ్చేసి మా మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. మావయ్య మంచివాడు, కొట్టు ఇంటికి దగ్గర, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, దువ్వాడ వెళ్ళి నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివింది యూరియా బస్తాల మధ్య కూర్చోడానికా అన్న దిగులు నన్ను బస్సులో రోజూ పీకేది. మావయ్య మాత్రం ఆశ వదులుకోలేదు. "నీకోసం టేబుల్ ఫ్యాను కూడా కొన్నానమ్మా," అని కనిపించినప్పుడల్లా చెప్పేవాడు.

నాకు అప్పగించిన కంప్యూటరు సంగతి చెప్పాలి. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. బొమ్మల్లేవు, మౌసు లేదు. ఏం కావాలన్నా దానికి తెలిసిన ఆజ్ఞ అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. ఇంటర్నెట్ పెడితే యార్డు రహస్యాలు బయటికి పోతాయని మా పెద్ద సారు నమ్మకం. (ఆ రహస్యాలు ఏమిటో నేను ఉన్నన్నాళ్ళూ నాకు తెలియలేదు.) ఫోన్లు కూడా గేటు దగ్గర చెక్కపెట్టెలో వేసి లోపలికి రావాలి. కాలేజీలో ఆజ్ఞల పేర్లు బట్టీ పట్టి పరీక్ష రాసి, మర్నాడే మర్చిపోయిన నేను, ఆ గదిలో ఒంటరిగా ఆ తెర ముందు కూర్చున్నాను. నాకు ముందు పని చేసి వెళ్ళిపోయిన మనిషెవరో తెరకి ఒక పక్కన చిన్న కాయితం అంటించి పోయారు. 'ఏమీ తోచకపోతే మ్యాన్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీతా దాని పక్కనే కె అక్షరమూ కొట్టి, కావాల్సిన మాట రాయి. మాన్యువల్లో, అంటే లోపలున్న ఆజ్ఞల పుస్తకంలో, వెతుకుతుంది' అని. ఆ మహానుభావుడికో మహానుభావురాలికో ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటూనే ఉంటాను.

చేరిన రెండో రోజునే ఆ కాయితం అవసరం పడింది. గేటు దగ్గర చీటీలు చూసే ఆయన కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. ఆయన్ని యార్డులో మగవాళ్ళంతా యారాడ బావ అనేవారు, నేను అన్నా అనేదాన్ని. యారాడలో తరతరాలుగా సముద్రం మీదికి వెళ్ళే ఇంట్లో పుట్టి, పడవెక్కితే చాలు కడుపులో తిప్పేసే దౌర్భాగ్యం వల్ల గట్టు మీద ఉద్యోగానికి వచ్చినవాడు. "సెల్లీ, ఆఖర్న ఎల్లిన పది లారీలూ ఏటో సూపించమంతన్నాడు సారు. బేగి," అన్నాడు. అదెలా తీయాలో నాకు తెలియదు. పైకి మాత్రం అదెంత పని అన్నట్టు మొహం పెట్టి, కాయితంలో చెప్పినట్టు కొట్టి, పక్కన 'లారీ' అని రాశాను. తెర ఒక్క లైనులో జవాబిచ్చింది.

"ఏటంతాది?" అన్నాడు అన్న.

"తగినది ఏదీ లేదంటోంది."

అన్న ఒకసారి వెనక్కి తిరిగి యార్డంతా చూశాడు. "అన్ని లారీలు నిలబడున్నాయి. దానికి కళ్ళు లేవేటి?"

ఆ రోజు పది లారీల నంబర్లూ చేత్తో రాసిచ్చాను. కానీ ఆ మాట మాత్రం యార్డులో పాతుకుపోయింది. టీ కొట్టులో బజ్జీలు అయిపోతే 'తగినది ఏదీ లేదు', సెలవు అడిగితే 'తగినది ఏదీ లేదు'. నెమ్మదిగా నాకు కిటుకు అర్థమైంది. ఆ యంత్రంలో ఒక్కో ఆజ్ఞకి ఒక్కో పేజీ ఉంది. పేజీ నెత్తిన, ఇది ఏం చేస్తుందో చెప్పే ఒకే ఒక్క లైను ఉంటుంది. మనం ఇచ్చిన మాటని అది ఆ లైన్లలో మాత్రమే వెతుకుతుంది, పేజీ లోపలికి తొంగి చూడదు. ఆ లైను రాసిన దొర ఎవరో 'ఫైలు చివరి భాగము చూపును' అని ఇంగ్లీషులో రాసుకుంటే, మనం ఆయన మాట ఏదో పట్టుకుని అడిగితేనే పలుకుతుంది. ఆయనకి మా లారీలతో ఏం పని? ఇదంతా అన్నకి చెబితే ఆయన చేపల పులుసు కలుపుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "ఆ రాసినోడి మాట మనకి తెలాలన్నమాట. తెలిత్తే మనమే సేసుకుందుము కదేటి. తెలకే కదా అడుగుతన్నాం," అన్నాడు. నాలుగేళ్ళలో మా లెక్చరర్లెవరికీ తట్టని ప్రశ్న ఇది. ముద్ద మింగి ఆయనే, "ఆ మీదనున్న ఒక్క ముక్కా మనవే రాసుకుంటే?" అన్నాడు.

అలా మొదలైంది. భోజనాల వేళల్లో ఆయన చెప్పడం, నేను రాయడం. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. మేం రాసిన పేజీలకి విడిగా ఒక చోటు ఏర్పాటు చేసి, యంత్రం అక్కడ కూడా వెతికేలా చేశాను. ఒక్క మెలిక ఉంది. వెతికేటప్పుడు యంత్రం పేజీలని నేరుగా చూడదు, ముందే తయారు చేసి పెట్టుకున్న ఒక పట్టికని చూస్తుంది. అందుకని కొత్త పేజీ పెట్టినప్పుడల్లా ఆ పట్టికని తిరగరాయించాలి. (ఈ మెలికని కాస్త గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.) మొదట్లో నేను బడి తెలుగులో 'చివరి పంక్తులను చూపించును' అని రాస్తే అన్న ఒప్పుకోలేదు. "అలగెవడు అడుగుతాడు సెల్లీ? 'ఆఖర్న నాలుగు ముక్కలు సూపిత్తాది' అని ఎట్టు," అన్నాడు. వరస పెట్టే ఆజ్ఞకి 'లైన్లో నిలబెడతాది' అని, మాటని పట్టి వెతికే ఆజ్ఞకి 'గేలం. తగిలినవే పైకొత్తాయి' అని, చెరిపేసే ఆజ్ఞకి 'తీసి సముద్రంలో పారేత్తాది, మరి దొరకదు' అని, చెప్పిన వేళకి పని మొదలెట్టే ఆజ్ఞకి 'సెప్పిన పని తర్వాత సేత్తాది' అని రాశాం. రెండు నెలలు తిరిగేసరికి, పదో తరగతి గట్టెక్కని అన్న, నన్ను అడగకుండా ఆఖరి పది లారీలు తీసుకోవడం నేర్చేశాడు. అంత సంతోషం నాకు నా పరీక్ష పాసయినప్పుడు కూడా కలగలేదు.

పని కుదిరాక చేతులు ఊరుకోవు కదా. "నాకో పేజీ లేదేటి?" అన్నాడొక రోజు అన్న. 'యారాడ: అన్ని పనులూ సేత్తాది, సముద్రం మీద తప్ప' అని రాశాను. ఆయన దాన్ని వచ్చిన ప్రతి డ్రైవరుకీ చూపించుకున్నాడు. టీ కొట్టుకి ఒకటి రాశాం, 'పిలిస్తే పలకదు, మానేద్దామనుకున్నప్పుడు వత్తాది' అని. అంతటితో ఆగి ఉంటే నాకు చెప్పుకోడానికి కథ ఉండేది కాదు.

మా పెద్ద సారు గురించి చెప్పలేదు. లావుపాటి మనిషి, సన్నటి గొంతు. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది, చదివేటప్పుడు దాన్ని కళ్ళ మీదికి దించడం అంటే ఆయన నిజంగా చదువుతున్నారని గుర్తు. ఆయన నోట రోజుకి వందసార్లు వచ్చే మాట ఒకటే. "తర్వాత సూద్దాం." ఫ్యాను తిరగట్లేదు సార్. తర్వాత సూద్దాం. ప్రింటరుకి సిరా అయిపోయింది సార్. తర్వాత సూద్దాం. నా పర్మనెంటు కాయితం హెడ్డాఫీసు నుంచి వచ్చి ఆయన సొరుగులో ఉందని ఐదో నెలలోనే తెలిసింది. ఆయన సంతకం పెడితే అయిపోతుంది. ఏడుసార్లు అడిగాను, ఏడుసార్లూ అదే జవాబు. ఎనిమిదోసారి అడుగుదామని వెళ్ళిన రోజున ఆయన గుమ్మంలో ఒక డ్రైవరు గోల పెడుతున్నాడు. పొద్దున్నే సరుకెక్కించుకుని చీటీ కోసం నిలబడితే సారు నాలుగు గంటలుగా 'తర్వాత సూద్దాం' అంటున్నారట. సంతకానికి అర నిమిషం పట్టదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ డ్రైవరు కోసం సగం, నా కోసం సగం. తిరిగొచ్చి కూర్చుని, ఆ కోపంలో ఒక పేజీ రాసేశాను.

'పెద్దసారు: ఏం అడిగినా తర్వాత సూద్దాం అంతాది.' ఇది నెత్తిన లైను. కింద, అసలు పేజీల్లో ఉండే వరసలోనే, వాడే పద్ధతి: 'అడగాలి. మళ్ళీ అడగాలి. వెళ్ళిపోవాలి.' కాఫీ ఇస్తే వేగం పెరుగుతుందని ఒక సదుపాయం. లోపాల దగ్గర, 'సంతకం పెట్టే చెయ్యి పనిచేయదు' అని. ఇవి కూడా చూడుము అన్న చోట 'కుర్చీ' అని. పట్టిక తిరగరాయించి, వెతికి, లైను వస్తోందని చూసుకుని, అన్నకి చూపించి, ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. పెద్ద సారు ఆ కంప్యూటరుని జన్మలో ముట్టుకోలేదు కనుక భయమన్నది మనసులోకే రాలేదు.

నా ఆర్నెల్లూ ఆ శనివారంతో అయిపోతాయనగా, గురువారం పొద్దున్న అన్న కిటికీ దగ్గరికి పరుగున వచ్చాడు. "సెల్లీ, సారు ఇయ్యాల కంప్యూటరు ముందు కూకుంతాడంట. నాను సేత్తన్నది సూత్తన్నాడంట ఇన్నాళ్ళూ. యారాడోడు సేసినప్పుడు నాను సెయ్యలేనేటి అన్నాడు. వత్తన్నాడు." పేజీ గుర్తొచ్చింది. గబగబా కూర్చుని, సముద్రంలో పారేసే ఆజ్ఞ కొట్టి దాన్ని పారేశాను. పోయిందా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. పోయింది. అమ్మయ్య అనుకుని చున్నీ సర్దుకుని లేచి నిలబడేసరికి సారు వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ కిర్రుమంది.

"రోజూ ఐదింటికి లారీల జాబితా అచ్చు తీయించాలమ్మా. నాను మర్చిపోతన్నాను. ఇప్పుడు సెప్పి పెడితే తర్వాత అదే సేసీలాగ ఏదైనా ఉన్నాదా?"

"ఉంది సార్," అన్నాను. "నేను కొట్టి పెడతాను."

"వద్దు. నానే ఎతుకుతాను. మీ పద్ధతిలోనే." కళ్ళజోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దించారు. ఒంటి వేలితో మొదలెట్టారు. ఒక్కో అక్షరం కోసం కీబోర్డు మొత్తం వెతికి, దొరికాక దాన్ని ఒకసారి చూసి, అప్పుడు నొక్కేవారు. ఏ మాట కొడుతున్నారో సగం దూరం వచ్చేదాకా నాకు తట్టలేదు. త, ర్వా... తర్వాత. ఆయనకి ఆ మాట తప్ప ఇంకే మాట తోస్తుంది? నేను మాత్రం నిబ్బరంగానే ఉన్నాను. పేజీ సముద్రంలో ఉంది కదా.

తెర మీద రెండు లైన్లు వచ్చాయి. 'సెప్పిన పని తర్వాత సేత్తాది.' దాని కింద, 'పెద్దసారు: ఏం అడిగినా తర్వాత సూద్దాం అంతాది.'

పేజీని పారేశాను గానీ పట్టికని తిరగరాయించలేదు. కొత్త పేజీ పెట్టినప్పుడు చెయ్యాలని అన్నకి పదిసార్లు పాఠం చెప్పిన నాకు, తీసేసినప్పుడు కూడా చెయ్యాలన్నది తోచలేదు. పేజీ లేకపోయినా దాని నెత్తిన ఉన్న లైను పట్టికలో భద్రంగా కూర్చుని ఉంది. కిటికీ దగ్గరున్న అన్న మెల్లగా కిందికి కుంగిపోయి కనబడకుండా పోయాడు. సారు ఆ లైను మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, రెండుసార్లు చదివారు. బయట లారీ ఏదో వెనక్కి వస్తూ ఒకటే మోత పెడుతోంది.

"ఇదెవరు?"

సారు, యారాడ అన్న దగ్గర చూసి నేర్చుకున్నట్టే, ఆ పేజీ తెరవమని కొట్టారు. అలాంటి పేజీ ఏదీ లేదని యంత్రం జవాబిచ్చింది. ఆయన కుర్చీలో సగం తిరిగారు. "పేరున్నాది, మనిషి లేడేటి?"

"తీసేశాను సార్. ఇప్పుడే." అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు నాకు. "తప్పయిపోయింది సార్."

ఆయన నన్ను చూడలేదు, తెరనే చూస్తున్నారు. "లోపల ఇంకా శానా రాసావా?" తలూపాను. "మరెందుకు తీసేసావు? రేపు పొద్దున్నకి ఆ పేజీ ఇక్కడుండాలి. నాను సదవాలి. ఉన్నదున్నట్టు." లేచారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "మీద లైను మార్చకు. అది బాగానే ఉన్నాది," అని వెళ్ళిపోయారు. నా కాయితం సంగతి అడగడానికి నోరు రాలేదు. ఇంకేం అడుగుతాను?

ఆ సాయంత్రం బస్సులో ఎరువుల కొట్టు కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. ఇంటికెళ్తే మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. టేబుల్ ఫ్యాను కొట్లో బిగించేశాడట. 'గాలి నేరుగా నీ మొహానికే తగులుతాదమ్మా' అన్నాడు సంబరంగా. ఏడుపాపుకుంటూ గదిలోకి వెళ్ళి నోటుబుక్కులో కొత్త పేజీ రాశాను. పెద్దసారు, సకల గుణ సంపన్నము. ఓర్పు దీని ప్రధాన లక్షణం. ఇందులో లోపములు లేవు. కాఫీ అవసరం లేదు. అలా రెండు వైపులా నింపాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పేజీకే నేను ఎక్కువ సిగ్గుపడతాను, మొదటి దానికి కాదు.

శుక్రవారం పొద్దున్న సారు రాకముందే గేటు దగ్గర అన్నకి దాన్ని చదివి వినిపించాను. ఆయన మొహం చిట్లించాడు. "ఇది మాన్యువల్ కాదు సెల్లీ, బాకా. మా అయ్య సముద్రం మీద కొండ గుర్తులు సూసుకుని ఎల్తాడు. యారాడ కొండ మీద లైటవుసూ, ఎనకాల కొండ కొసా ఒకే తిన్నగా కనపడ్డ కాడ వల ఏత్తాడు. ఆ గుర్తు ఎవడైనా అడిగితే సెప్పడం మానేత్తాడు గానీ తప్పు గుర్తు సెప్పడు. తప్పు గుర్తు నమ్మినోడి వల రాయికి తగిలి సిరిగిపోద్ది. రాసినావంటే ఉన్నదే రాయాల."

"ఉన్నదే రాశాను కదా మొదట. సంతకం పెట్టరు. ఆ డ్రైవరుని నాలుగు గంటలు నిలబెట్టలేదా?"

అన్న నా వంక వింతగా చూశాడు. "నీకు తెల్దా? ఆడు రాయపూర్ నుంచి రెండు రోజులు నిద్దర్లేకుండా తోలుకొచ్చినాడు. కళ్ళు సింత నిప్పుల్లాగున్నాయి. సీటీ ఇత్తే అప్పుడే ఎలిపోతాడు, దార్లో ఘాటు రోడ్డెక్కాల. పడుకో అంటే పడుకుంతాడేటి? అందుకని సీటీ ఆపినాడు సారు. ఇసుక్కుని ఇసుక్కుని, సెడ్డు కింద పడి నిద్దరోయినాడు. లేచినాక సారే లేపి టీ తాగించి సంతకం ఎట్టినాడు."

"మరి ఆ మాట చెప్పచ్చు కదా."

"సెప్తే ఆడు ఇనడు. నువ్వు అడగలేదు."

నోటుబుక్కులో పేజీ చింపి పారేశాను. లోపలికి వెళ్ళి కూర్చుని, అరగంటలో నేరుగా యంత్రంలోనే రాశాను. నెత్తిన లైను ఆయన చెప్పినట్టే మార్చలేదు. కింద ఇలా రాశాను: 'తర్వాత అన్నది మర్చిపోదు. ఆలస్యంగానైనా చేస్తుంది. నిద్ర చాలని డ్రైవరు ఎదురొస్తే దానంతటదే ఆగిపోతుంది, ఎంత అరిచినా కదలదు. కాఫీ ఇచ్చినా వేగం మారదు, ఈ సంగతి పరీక్షించి చూశాం. లోపం: ఎందుకు తర్వాతో చెప్పదు. దానివల్ల వాడేవాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటారు.' ఈసారి పట్టిక తిరగరాయించాను.

సారు వచ్చి, ఒంటి వేలితో అదే మాట వెతికి, పేజీ తెరిచి చదివారు. చాలాసేపు చదివారు. నేను గోడకున్న క్యాలెండరు మీద శనివారం గడిని చూస్తూ నిలబడ్డాను. "కాఫీ కాదు, టీ," అన్నారు చివరికి. "నాను కాఫీ తాగను. అది మార్చు. లోపం ఒక్కటే రాసావేటి? మా ఇంట్లో అడిగితే శానా సెప్తారు." లేచి తన గదిలోకి వెళ్ళి, సొరుగు లాగిన చప్పుడయింది. కాయితం పట్టుకుని తిరిగొచ్చారు. "ఇందులో మొదట టైపిస్టు అని రాసి పంపినారు. యంత్రానికి తెలుగు నేర్పిన మనిషి టైపిస్టేటి అని ఎనక్కి పంపాను. రెండోసారి ఆపరేటరు అన్నారు. మళ్ళీ పంపాను. మొన్న బుధవారం సరిగ్గా వచ్చినాది." నా బల్ల మీదే, నా పెన్నుతోనే సంతకం పెట్టారు. 'కంప్యూటర్ ఇంజినీరు' అని ఉంది అందులో. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుసార్లు నేను అడిగినప్పుడు ఒక్కసారైనా ఈ ముక్క చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? (ఈ ప్రశ్నకి జవాబు లోపాల దగ్గర నేనే రాశాను.) "థాంక్స్ సార్," అంటే ఆయన చెయ్యి ఊపేసి, కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి తోసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మావయ్య ముఖం చూడటానికే కొంచెం కష్టమనిపించింది. ఫ్యాను మాత్రం మా ఇంటికే ఇచ్చేశాడు, ఇప్పటికీ తిరుగుతోంది.

ఆ యార్డులో ఇంకో మూడేళ్ళు పనిచేసి, రుషికొండ మీద పెద్ద అద్దాల ఆఫీసుకి మారాను. సారు రిటైరై గాజువాకలో ఉంటున్నారు. మొన్న ఒకరోజు యారాడ అన్న ఫోను చేశాడు. "సెల్లీ, మన పాత కంప్యూటరు ఎత్తేత్తన్నారు. పాత ఇనుము కింద ఎల్లిపోద్ది. ఆఖరిసారి సూసుకుంతావేటి?" సెలవు పెట్టుకుని వెళ్ళాను. అదే గది, అదే బొగ్గు పొడి. తెరకి అంటించిన కాయితం పసుపు పచ్చగా మారి ఇంకా అలాగే ఉంది. అన్న జుట్టు నెరిసింది, నాదీ నెరుస్తోంది గానీ రంగు వేస్తాను. కుర్చీలో కూర్చున్నాక ఏం వెతకాలో తోచక, వేళ్ళు వాటంతటవే ఆ మాట కొట్టాయి. తర్వాత.

మూడు లైన్లు వచ్చాయి. చెప్పిన పని తర్వాత చేసేది ఒకటి, పెద్దసారు ఒకటి. మూడోది నేను రాసింది కాదు. 'సబ్బవరం: ముందు సేసేత్తాది, తర్వాత భయపడతాది.'

తిరిగి చూశాను. అన్న గోడ వైపు చూస్తున్నాడు. "నువ్వు ఎలిపోయినాక సారు రాసినాడు. వారం రోజులు పట్టినాది. నన్ను ముట్టుకోనివ్వలేదు," అన్నాడు.

పేజీ తెరిచాను. ఒంటి వేలితో కొట్టిన మనిషి రాత అలాగే తెలిసిపోతుంది, మాటకీ మాటకీ మధ్య రెండేసి ఖాళీలు. వాడే పద్ధతి: 'పని సెప్పి ఊరుకోవాలి. మద్దెన అడగరాదు.' కింద, 'తెల్దని ఎప్పుడూ సెప్పదు. తెలుసుకుని వత్తాది.' నేను అంత కష్టపడి దాచిందంతా ఆయనకి మొదటి రోజు నుంచీ తెలుసన్నమాట. ఇవి కూడా చూడుము అన్న చోట 'పెద్దసారు' అని ఉంది. ఇరవై రెండేళ్ళ ఆ బెదురు గొడ్డు పిల్ల పక్కనే నిలబడి ఇదంతా చదువుతున్నట్టే అనిపించింది. ఆమెకి ఒకసారి చెప్పాలనిపించింది, క్యాలెండరు వైపు చూడకు, ఆ కాయితం వస్తుంది అని. ఆఖరికి వచ్చేసరికి లోపాలు అన్న చోటు మిగిలింది. అక్కడ ఏముందోనని కొంచెం భయపడుతూనే కిందికి జరిపాను. ఒకే ముక్క ఉంది.

'తర్వాత సూద్దాం.'